పాత ఫోటోలో ముక్కూ మొహం తెలియని మనిషి: చెన్నైలో ఆచూకీ తీయడం ఎలా

పాత ఫోటో చేతికి రాగానే ఎవరి చూపైనా ముందు ముఖం మీదే పడుతుంది. ఎవరింటి మనిషో, ఏం చేసేవాడో అని ఊహలు మొదలవుతాయి. ఆచూకీ తీయదలచుకుంటే మాత్రం ముఖాన్ని కాసేపు పక్కన పెట్టాలి. వెనక అట్ట, అంచున స్టూడియో ముద్ర, రాసినవాళ్ల చేతిరాత, ఏ కట్టలో ఏ కాగితాల మధ్య దొరికిందన్న సంగతి, ఇవీ మనిషి దగ్గరికి దారి చూపేవి. ముఖం ఆఖర్న, అప్పటికే దొరికిన పేరును సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

ఈ పనికి చెన్నై మంచి చోటు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల వాళ్లు పై చదువుకు, హైకోర్టు వ్యాజ్యానికి, పుస్తకం అచ్చుకు, తర్వాత్తర్వాత సినిమాకు మదరాసు రైలెక్కేవాళ్లు. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు వేరే. అందుకే ఇక్కడి పాత సామాన్ల కొట్లో తెలుగు రాత ఉన్న ఫోటో తగలడం వింతేమీ కాదు.

కొనేటప్పుడే సగం పని

మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక అక్కడి పాత పుస్తకాల వ్యాపారుల్లో చాలామంది సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్న అల్లికుళం కాంప్లెక్సుకు చేరారు. పుస్తకాల మధ్య అప్పుడప్పుడూ ఫోటోలు బయటపడతాయి. ఎక్కువగా దొరికేది మాత్రం పాత చెక్క సామాను కొట్లలో. వాళ్లకు కావలసింది టేకు ఫ్రేము. అందులో ఉన్న తాతగారితో వాళ్లకు పనిలేదు. ఫ్రేముకు బేరం కుదరకపోతే ఫోటో విడిగా ఇచ్చేస్తారు కూడా.

బేరమాడే ముందే అడగాల్సినవి అడగండి. ఏ పేటలో ఇల్లు ఖాళీ చేస్తే వచ్చింది? అదే ఇంటి నుంచి ఇంకేం వచ్చాయి? పరశువాకమా, చూళైనా, మైలాపూరా అన్న ఒక్క ముక్క తర్వాత ఎంతో వెతుకులాట తప్పిస్తుంది. డబ్బు చేతిలో పడ్డాక కొట్టువాడికి జ్ఞాపకశక్తి తగ్గుతుంది, కాబట్టి ముందే అడగాలి.

వీలైతే కట్ట మొత్తం కొనండి. ఫోటో కంటే ఆ కట్టలోని చెత్త కాగితాలే విలువైనవి కావచ్చు. పోస్టుకార్డు మీద చిరునామా, తపాలా ముద్రలో తేదీ ఉంటాయి. కరెంటు బిల్లు మీద ఇంటి యజమాని పేరు, శుభలేఖ మీద మూడు తరాల పేర్లు, ఇంటిపేర్లు ఉంటాయి. దొరికిన వరస చెదరకుండా పైనుంచి కిందికి ఒక్కొక్కటీ మొబైల్‌తో ఫోటో తీసుకుని ఆ తర్వాతే విడదీయండి. ఏ ఫోటో ఏ ఉత్తరం మధ్య ఉందన్నది ఒకసారి కలిసిపోతే మళ్లీ తేల్చలేం.

చెయ్యకూడనివి, చెయ్యాల్సినవి

ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి, సెల్లోటేపు అంటించకండి, తడిగుడ్డతో తుడవకండి. ఫ్రేము అద్దానికి ఫోటో అతుక్కుపోయి ఉంటే లాగకుండా అద్దంతోనే స్కాన్ చేయించండి. చెన్నై ఉక్కకు బూజు తొందరగా పడుతుంది. జిగురు పేజీల ప్లాస్టిక్ ఆల్బం కంటే మామూలు కాగితం కవరు నయం.

స్కాన్ రంగుల్లోనే చేయాలి, నలుపు తెలుపు ఫోటో అయినా సరే. వయసు చెప్పేది ఆ పసుపు, ఆ గోధుమరంగే. 600 డీపీఐకి (స్కాన్ స్పష్టత కొలత) తక్కువ కాకుండా, చిన్న ఫోటోకైతే 1200, ముందూ వెనకా రెండూ. తర్వాత గది చీకటి చేసి మొబైల్ టార్చిని ఫోటోకు పక్కవాటుగా, దాదాపు బల్లకు ఆనించి పట్టండి. అట్టలో నొక్కిన రంగులేని స్టూడియో ముద్ర, అరిగిపోయిన పెన్సిల్ గీతలు ఆ వాలు వెలుతురులో పైకి తేలతాయి. స్కానరులో కనిపించని అక్షరం ఇలా కనిపించడం తరచూ జరిగేదే.

కాగితం చెప్పే వయసు

మందపాటి అట్ట మీద పల్చటి కాగితం అతికించి ఉండి, బొమ్మ గోధుమరంగులో, తెల్లగా ఉండాల్సిన చోట్లు పచ్చబడి, దగ్గరగా చూస్తే సన్నటి పగుళ్లు ఉంటే అది గుడ్డు తెల్లసొనతో చేసిన ఆల్బుమెన్ ప్రింటు. ఇవి ఎక్కువగా 1890ల దాకా నడిచాయి. అట్ట సుమారు రెండున్నర అంగుళాలకు నాలుగు ఉంటే విజిటింగ్ కార్డు ఫోటో, నాలుగుంపావుకు ఆరున్నర ఉంటే 1866 నుంచి వచ్చిన క్యాబినెట్ కార్డు. ఆ తర్వాత రాజ్యమేలింది జెలటిన్ ప్రింటు. ఫోటోను వాల్చి చూస్తే నల్లటి భాగాల్లో, అంచుల దగ్గర వెండి పూత మెరిసినట్టు కనిపిస్తే అది జెలటిన్ అని చెప్పుకోవచ్చు.

ఇంకా దగ్గరి కాలానికొస్తే, అరచేతిలో ఇమిడే చదరపు ఫోటో సాధారణంగా 120 ఫిల్ము కెమెరాది. మన ఇళ్లల్లో అగ్ఫా క్లిక్-త్రీ అలాంటిదే, రోలుకు పన్నెండు ఫోటోలు. కాగితం వెనక ‘ఇందు’ ముద్ర ఉంటే ఊటీలో 1960లో మొదలైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సరుకు. అంతకు ముందుది అయ్యే అవకాశం లేదు. ప్లాస్టిక్ పూత ఉన్న జారుడు కాగితం 1970లు, ఆ తర్వాతిది.

ఇక్కడ ఒక చిక్కుంది. కాగితం వయసు, ఫోటో తీసిన కాలం ఒకటే కానక్కర్లేదు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పోయాక ఏదో గ్రూపు ఫోటోలోంచి ముఖం కత్తిరించి ఎన్‌లార్జ్ చేయించి దండ వేయడం మామూలే. స్టూడియోవాళ్లు ఆ ముఖానికి కోటు గీస్తారు, బొట్టు దిద్దుతారు, విడివిడిగా పోయిన భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెడతారు. మెడ దగ్గర వెలుతురు ఒక వైపు నుంచీ భుజాల మీద ఇంకో వైపు నుంచీ పడుతుంటే, చెవుల చుట్టూ గీత మరీ పదునుగా ఉంటే అనుమానించండి. అలాంటి ఫోటోలో బట్టల్ని చూసి కాలం లెక్కగడితే పప్పులో కాలేసినట్టే.

స్టూడియో ముద్ర

మదరాసు ఫోటోగ్రఫీకి పాత చరిత్రే ఉంది. ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ మద్రాస్ 1857 నాటిది. నికొలస్ కంపెనీ, జర్మన్లు నడిపిన వీల్ అండ్ క్లైన్, దాని తర్వాత క్లైన్ అండ్ పేయర్ల్, ఇంకా తర్వాత జి.కె. వేల్ వంటి పెద్ద పేర్లు అట్టల మీద కనిపిస్తాయి. వీటి గురించి రాసినవాళ్లున్నారు కాబట్టి పని సులువు. చిక్కల్లా జార్జిటౌన్ సందుల్లో, ట్రిప్లికేన్‌లో, పెరంబూరులో నడిచిన చిన్న స్టూడియోలతోనే. మన మధ్యతరగతి ఇళ్ల ఫోటోలు ఎక్కువగా వీటివే.

వీటికి ఆధారం పాత డైరెక్టరీలు. అసైలం ప్రెస్ వాళ్లు ఏటేటా వేసిన మదరాసు డైరెక్టరీలో వ్యాపారుల పట్టికలు ఉంటాయి, థాకర్స్ ఇండియన్ డైరెక్టరీలోనూ ఉంటాయి. కొన్ని సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. మిగతావాటికి ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీలో అడగండి. ఏ ఏడాది సంపుటంలో స్టూడియో పేరు మొదట కనిపించింది, ఏ చిరునామాతో ఉంది, ఎప్పుడు మాయమైంది అని రాసుకుంటే మీ ఫోటోకు రెండు హద్దులు దొరుకుతాయి.

చిరునామా రాసిన తీరులోనూ కాలం దాగుంటుంది. ‘మద్రాస్-17’ అని ఉంటే టీ.నగర్, ‘మద్రాస్-1’ అంటే జార్జిటౌన్. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చాక ఈ అంకెలే 600 017, 600 001గా మారాయి. వెనక ధర రాసి ఉండి అది అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదని, నయా పైసల్లో ఉంటే ఆ తర్వాతి కొద్ది ఏళ్లదని చాలావరకు నమ్మవచ్చు. ఫోన్ నంబరులో అంకెలు ఎంత తక్కువైతే అంత పాతది.

ఇంతకంటే పదునైన ఆధారం నెగటివ్ నంబరు. మళ్లీ కాపీ కావాలంటే వెతకడానికి వీలుగా స్టూడియోవాళ్లు నెగటివ్‌కు నంబరు వేసి దాచేవాళ్లు. ఆ నంబరే ఫోటో వెనక పెన్సిల్‌తో ఉంటుంది, లేదా బొమ్మ అడుగున తెల్లటి గీతల్లో కనిపిస్తుంది. అదే స్టూడియోవి తేదీ తెలిసిన ఫోటోలు ఇంకో రెండు సంపాదించండి. ఒకదాని నంబరు 4,200, అది 1936 పెళ్లి. ఇంకోటి 6,000, అది 1939 అనుకోండి. మీది 5,100 అయితే 1937-38 ప్రాంతమని చెప్పవచ్చు. కొందరు ఏటా ఒకటి నుంచి మొదలుపెట్టి పక్కన సంవత్సరం వేసేవాళ్లు. అదైతే లెక్కే అక్కర్లేదు.

వెనక రాత

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

తేదీ తెలుగు సంవత్సరంలో ఉంటే భయపడకండి. అరవై సంవత్సరాల వరసలో మొదటిదైన ప్రభవ 1867-68, 1927-28, 1987-88ల్లో వచ్చింది. అక్కడి నుంచి వరసగా లెక్కపెట్టుకోవడమే. అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కాబట్టి వచ్చిన రెండు మూడు సంవత్సరాల్లో ఏదన్నది కాగితం చూస్తే తేలిపోతుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా తిథులు ఇంగ్లీషు లెక్కలో మరుసటి ఏడాదికి పోతాయి. వ్యయ శ్రావణం 1946 అయితే వ్యయ మాఘం 1947. తమిళ ఇళ్లల్లో అయితే ఏడాది ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది, కాబట్టి ఉగాదికీ దానికీ మధ్య రోజుల్లో తేడా వస్తుంది.

పేరు ముందున్న పొడి అక్షరాలు మరీ ముఖ్యం. ‘చి.’ అంటే రాసినవాళ్లకంటే చిన్న. ‘చి.ల.సౌ.’ అంటే పెళ్లైన లేదా పెళ్లి కుదిరిన అమ్మాయి. ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని ఉంటే ఆమె భర్త అప్పటికే పోయాడు. ‘కీ.శే.’ ఉంటే ఆ రాత రాసేనాటికి మనిషి లేడు. ‘మ.రా.రా.శ్రీ’ (మహారాజరాజశ్రీ) అంటే రాసిన వ్యక్తి మర్యాద పాటించాల్సిన బయటి మనిషో, పెద్దో. ఒక్క పొడి అక్షరంలో వరస, పెళ్లి, బతికున్నారా లేదా అన్నీ తెలుస్తాయి.

‘మా చిన్నత్త’ వంటి మాటను మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఎవరికి చిన్నత్త? రాసినవాళ్లకు. రాసినవాళ్లెవరో తేలేదాకా అది గాల్లో వేలాడుతూనే ఉంటుంది. పైగా అత్త అంటే మేనత్తా, అత్తగారా, మేనమామ భార్యా? మూడిట్లో ఏదైనా కావచ్చు. అంటే మూడు వేర్వేరు ఇంటిపేర్లు.

నా దగ్గరున్న ఒక ఫోటో సంగతి చెబుతాను. నల్ల గౌను వేసుకున్న యువతి, చేతిలో చుట్టిన కాగితం, పక్కన పొడుగుకాళ్ల టీపాయ్, దాని మీద రెండు పుస్తకాలు. బూడిదరంగు అట్ట. అట్ట అడుగున నొక్కిన ముద్రలో స్టూడియో పేరు అరిగిపోయి ‘మౌంట్ రోడ్, మద్రాస్’ మాత్రం మిగిలింది. వెనక నీలం సిరాతో ‘చి.ల.సౌ.’ అని ఒక పేరు, కింద ‘పెద్దమ్మ దీవెనలతో, వ్యయ శ్రావణం’.

పైకి చూస్తే 1946లో డిగ్రీ తీసుకున్న అమ్మాయి అనిపిస్తుంది. కానీ అట్ట, ప్రింటు రంగు, పొడుగు చేతుల రవిక అంతకంటే ఇరవై ఏళ్లు వెనక్కి లాగుతున్నాయి. దీవెన అందుకున్నది పెళ్లైన లేదా పెళ్లి కుదిరిన అమ్మాయి. దీవించింది పెద్దమ్మ. ఫోటోలో ఉన్నది ఆ అమ్మాయి కాకుండా ఆ పెద్దమ్మే అయితే అన్నీ కుదురుతాయి. తన పడుచునాటి ఫోటోను చెల్లెలి కూతురికి పెళ్లి రోజుల్లో ఇచ్చి ఉంటుంది. శ్రావణం పెళ్లిళ్ల నెల కూడాను. రాసిన తేదీ ఫోటో చేతులు మారిన తేదీ, అంతే. తీసిన తేదీ వేరే.

చెన్నై ఫోటోల్లో ఇంకో విశేషం. ఇక్కడ పుట్టి పెరిగిన చాలా ఇళ్లల్లో మాట తెలుగు, రాత తమిళం. వెనక తమిళ లిపి చూసి తమిళుల ఫోటో అనుకుని వదిలేయకండి, పైకి చదివించి వినండి. ‘పెద్దనాయన’, ‘అబ్బాయి’ అని వినిపిస్తే అది తెలుగే. తమిళ లిపిలో క-గ, ప-బ-భ తేడాలుండవు కాబట్టి ‘పాను’ అని చదివింది భాను, ‘కోపాల్’ గోపాల్ కావచ్చు. పేరు వెతికేటప్పుడు అన్ని రూపాలూ రాసుకోండి.

బట్టలు, వస్తువులు, వెనక తెర

వీటిని నమ్మినవాళ్లు నమ్మినంత మోసపోతారు. కోటు, చేతి గడియారం, పూలకుండీ, ఒక్కోసారి చెప్పులు కూడా స్టూడియోవే. డిగ్రీ గౌను అద్దెది. సైకిలు పట్టుకుని నిలబడ్డవాడికి సైకిలు తొక్కడం వచ్చని రుజువు లేదు. నమ్మదగ్గవి ఒంటిమీది సొంత వస్తువులు: నల్లపూసలు, మెట్టెలు, ముక్కుపుడక, నామం. వీటితో కూడా కులం తేల్చేయకండి. నల్లపూసలు తెలుగింటి వైపు చూపిస్తాయి, అంతవరకే.

ఆరుబయట తీసిన ఫోటో అయితే ఊరే సాక్షి. వీధిలో ట్రాము ఉంటే 1953కు ముందు. రిప్పన్ బిల్డింగ్ ఉంటే 1913 తర్వాత. మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ భవనం కనిపిస్తే, మెరీనాలో శ్రామిక విజయ విగ్రహం కనిపిస్తే 1959 తర్వాత. జెమిని ఫ్లైఓవర్ 1973, మెరీనాలో ఇప్పటి లైట్‌హౌస్ 1977. ఉండాల్సిన చోట ఒకటి లేకపోవడం కూడా ఆధారమే.

పేరు దొరికితే

ముందు ఇనీషియల్‌ను విడమరచాలి. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లకు పేరు ముందు అక్షరం ఇంటిపేరు. తమిళ పద్ధతిలో అది తండ్రి పేరు. మూడు నాలుగు తరాలుగా చెన్నైలో ఉన్న తెలుగువాళ్లలో చాలామంది తండ్రి పేరునే పెట్టుకుంటారు. కాబట్టి అన్నదమ్ముల పిల్లలకు ఇనీషియల్ ఒకటే ఉంటే అది ఇంటిపేరు, వేరువేరుగా ఉంటే తండ్రి పేరు అని లెక్క వేసుకోవచ్చు.

పాత ఇంగ్లీషు కాగితాల్లో స్పెల్లింగులు మనల్ని ఏడిపిస్తాయి. రావు అన్నచోట ‘రో’ అని వచ్చేలా ఆర్-ఓ-డబ్ల్యూ ఉంటుంది. నాయుడికి మూడు నాలుగు రూపాలు, శెట్టికి అంతకంటే ఎక్కువ. మదరాసు ప్రభుత్వ పట్టికల్లో మ.రా.రా.శ్రీకి బదులు ‘ఎం.ఆర్.ఆర్‌వై.’ అని ఉంటుంది. తెలుగువాళ్ల పేరు చివర ‘గారు’, తమిళుల పేరు చివర ‘అవర్గళ్’ అని వేసేవాళ్లు. వందల పేర్ల పట్టికలో మనవాళ్లను ఏరడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు.

ఎక్కడ చూడాలన్నది మనిషి బతుకును బట్టి మారుతుంది. ప్రభుత్వోద్యోగి అయితే ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్. చదువుకున్నవాళ్లయితే మద్రాసు యూనివర్సిటీ క్యాలెండర్లు. వీటిలో పట్టా పొందినవాళ్ల పేర్లు, చదివిన కాలేజీ ఏడాదివారీగా అచ్చయ్యాయి. పైన చెప్పిన గౌను ఫోటోకు పనికొచ్చినవి ఇవే. క్వీన్ మేరీస్ కాలేజీ 1914లో, విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ 1915లో మొదలయ్యాయి. ఆ తొలి ఏళ్లలో పట్టా తీసుకున్న ఆడవాళ్ల జాబితా పొట్టిది, అందులో తెలుగు పేర్లు ఇంకా తక్కువ. నా వెతుకులాట ఒక పేరు దగ్గర ఆగింది. రెండో ఆధారం దొరకలేదు కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయను.

ఆడవాళ్ల విషయంలో ఇదే అసలు కష్టం. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, కొన్నిళ్లల్లో పేరే మారుస్తారు. డైరెక్టరీల్లో ఇంటి యజమాని పేరే తప్ప ఆమె పేరు ఉండదు. ఆమెను వెతకాలంటే పుట్టింటి మగవాళ్లనూ మెట్టినింటి మగవాళ్లనూ విడివిడిగా పట్టుకుని, రెండు దారులూ కలిసే చోట చూడాలి. అలా కలిపేది శుభలేఖ. కట్ట మొత్తం కొనమన్నది అందుకే.

తెలుగు పత్రికలను మరచిపోవద్దు. ఆంధ్రపత్రిక 1914 నుంచి మదరాసులో దినపత్రికగా వచ్చింది. భారతి 1924లో, గృహలక్ష్మి 1928లో, ఆంధ్రప్రభ 1938లో ఇక్కడే పుట్టాయి. పరీక్షలో నెగ్గినవాళ్లు, సభలో పాడినవాళ్లు, విరాళమిచ్చినవాళ్లు ఈ పేజీల్లో కనిపిస్తారు, ఒక్కోసారి ఫోటోతో సహా. ఆడవాళ్ల పేర్లకు నేను ముందు తెరిచేది గృహలక్ష్మినే. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలు చాలా స్కాన్ చేయించింది. తరమణిలోని రోజా ముత్తయ్య లైబ్రరీ తమిళానికి పేరుపొందినా, తమిళ పత్రికల్లోకి ఎక్కిన తెలుగువాళ్ల కోసం అక్కడికీ వెళ్లాలి. స్కాన్ చేసిన తెలుగు పేజీల్లో వెతుకు పెట్టె సరిగ్గా పనిచేయదు. పేజీలు తిప్పడమే గతి.

ఫోటోలో ఉన్నది దొరో, ఆంగ్లో ఇండియనో అయితే చర్చి రిజిస్టర్లు, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులు, బ్రిటిష్ ఇండియాలో ఉన్న కుటుంబాల వివరాలు సేకరించే ఫిబిస్ సంస్థ సూచికలు ఉన్నాయి. చెప్పాలంటే మనవాళ్ల ఆచూకీ కంటే వాళ్లదే తేలిక.

వీధికి వెళ్లడం

ముందు చిరునామాను ఇప్పటి ఊరిలోకి మార్చుకోండి. మౌంట్ రోడ్ అన్నా సాలై అయింది. ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్ రాధాకృష్ణన్ సాలై, మోబ్రేస్ రోడ్ టీటీకే రోడ్, లాయిడ్స్ రోడ్ అవ్వై షణ్ముగం సాలై. 1970ల చివర్లో వీధి పేర్ల నుంచి కులం తోకలు తీసేశారు కాబట్టి ఫలానా నాయుడు వీధి, ఫలానా శెట్టి వీధి ఇప్పుడు బోర్డు మీద తోక లేకుండా ఉంటుంది. ఇంటి నంబర్లు కూడా మారాయి. గోడల మీద ‘పాత నం., కొత్త నం.’ అని రెండూ రాసి ఉంటాయి, మీకు కావలసింది పాతది.

వీధిలో ముందు ఇస్త్రీ బండి దగ్గర, పాత కిరాణా కొట్లో, గుడి దగ్గర అడగండి. పాత ఇంటి గురించి వాకబు చేసే కొత్త మనిషిని జనం స్థలం బ్రోకరనో, లాయరు గుమాస్తా అనో అనుకుంటారు. చూళైలో ఒక పెద్దావిడ గేటు తెరవకుండానే అడిగింది: “ఎవురు నాయనా మీరు? ఇల్లు కొనేదానికొచ్చినారా?”

“లేదమ్మా, ఈ ఫోటో ఎవరిదో కనుక్కుందామని. మీరేమైనా గుర్తుపడతారేమోనని” అని కాపీ గేటు సందులోంచి ఇచ్చాక మాట తీరు మారిపోయింది. మనిషి ఎవరో ఆవిడకు తెలియలేదు. వెనక కనిపించే అరుగు, స్తంభాలు చూసి “ఇది మూడో ఇల్లు గదా, ఇప్పుడు ఫ్లాట్లు కట్నారే” అని చెప్పింది. ఆ మాట చాలు.

కాబట్టి మొదట ఫోటో, తర్వాత మాట. అసలు ఫోటో ఇంట్లో పెట్టి కాపీలు పట్టుకెళ్లండి. “ఈయన ఫలానా కదా?” అని పేరు అందించకండి. పెద్దవాళ్లు మర్యాదకు అవునంటారు. “ఎవరో గుర్తొస్తున్నారా?” అని ఊరుకోవాలి. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పవద్దు. పాత ఇళ్ల చుట్టూ ఆస్తి తగాదాలు ఉంటాయి, అందులో మీరు సాక్షి కావలసిన పని లేదు.

ఆన్‌లైన్‌లో

గూగుల్ లెన్స్ భవనాన్ని, స్టూడియో ముద్రను పోల్చడానికి బాగుంటుంది. పాత ముఖాన్ని ‘స్పష్టం’ చేసే ఏఐ యాప్‌లకు మాత్రం దూరంగా ఉండండి. అవి లేని కనురెప్పలు, లేని పెదాల గీత కొత్తగా గీస్తాయి. దాన్ని చూసి ఎవరైనా గుర్తుపట్టినా ఆ గుర్తింపుకు విలువ లేదు.

మదరాసు చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ల గుంపుల్లో ఫోటో పెట్టేటప్పుడు ఒక వివరం దాచుకోండి: వెనక రాసిన పేరో, తేదీయో. “అది మా తాతగారే” అని ఎవరైనా వస్తే వెనక ఏం ఉండొచ్చో వాళ్లనే చెప్పమనండి. చిన్నపిల్లల ఫోటోలు, శవం పక్కన తీసిన ఫోటోలు పెట్టకపోవడం మంచిది.

రుజువు, ఆ తర్వాత

నోటుబుక్కులో కంటికి కనిపించింది ఒకచోట, మీరు అనుకుంటున్నది ఇంకోచోట రాయండి. ఆరు నెలలయ్యాక ఊహే నిజమనిపించడం మొదలవుతుంది. అప్పుడు ఆ పేజీయే కాపాడుతుంది. ఒకదానికొకటి సంబంధం లేని రెండు ఆధారాలు కలిస్తేనే పేరు ఖాయం చేయండి. వయసు లెక్క కూడా వేయండి. 1890లో పుట్టిన మనిషి 1925 ఫోటోలో పద్దెనిమిదేళ్లవాడిలా ఉండడు. ముఖం పనికొచ్చేది ఇప్పుడే, ఖాయంగా తెలిసిన ఇంకో ఫోటో పక్కన పెట్టి చెవి ఆకారం, వెంట్రుకల అంచు పోల్చడానికి.

కుటుంబం దొరికితే మొదటిసారే ఫోనులో కథంతా చెప్పేయకండి. ఫోటో ఎక్కడ దొరికింది, మీరెవరు, మీకేమీ అక్కర్లేదు అన్న మూడు ముక్కలు చెప్పి, కాపీ వాట్సాప్‌లో పంపమంటారా అని అడగండి. రెండో పెళ్లి, ఇల్లొదిలి పోయిన కొడుకు, మాటల్లేని అన్నదమ్ములు, ఏదైనా ఉండొచ్చు. వద్దంటే అక్కడితో ఆపేయాలి. కావాలంటే అసలు ఫోటో ఇచ్చేసి స్కాన్ మీ దగ్గర ఉంచుకోవడానికి, ఎక్కడైనా అచ్చు వేయడానికి మెసేజీ రూపంలో అనుమతి అడగండి.

దొరక్కపోతే ఒక కాగితం మీద కొన్న చోటు, కట్టలో ఉన్నవి, స్టూడియో, వెనక రాత ఉన్నదున్నట్టు, చూసిన డైరెక్టరీల సంవత్సరాలు, ఏ పేరు ఎందుకు కాదనుకున్నారో రాసి ఫోటోతో పాటు కవరులో పెట్టండి. తర్వాత ఎవరు తీసుకున్నా మీరు ఆగిన చోటు నుంచి మొదలుపెడతారు. కింద మీ ఫోన్ నంబరుతో పాటు ఇంకొకరిదీ రాయండి, నంబర్లు మారుతుంటాయి.